చీటీ ఇచ్చే గ్రామసభ: అనంతపురం జిల్లాలో ఒక పంచాయతీ కేస్ స్టడీ

ఊరు కళ్యాణదుర్గం వైపు. పేరు రాయడం లేదు. ఇందులో కొళాయిలకు మోటార్లు బిగించుకున్న ఇళ్ల సంగతి ఉంది. ఆ ఇళ్లవాళ్లు ఇప్పటికీ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు, ఆ మర్యాద చెడగొట్టుకోవడం నాకిష్టం లేదు. పెద్ద ఊరు, దానికి ఆనుకొని ఎస్సీ కాలనీ, కాస్త ఎడంగా రెండు మజరాలు (చిన్న పల్లెలు), అన్నీ కలిపి ఒక పంచాయతీ. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండే జిల్లా మాది. జూన్, జూలైల్లో చెనక్కాయ విత్తుతారు, అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు, ఆ తర్వాత ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. మళ్లీ ఉగాదికి ఊరు నిండుతుంది.

పంచాయతీలకు ప్రణాళికల తయారీలో, సభల నిర్వహణలో తోడుగా ఉండడం మా పని. 2023 వర్షాకాలంలో ఈ ఊరికి వెళ్లాం. మండలంలో మాకు చెప్పిన సమస్య ఒక్క ముక్కలో ఇది: ‘గ్రామసభకు జనం రారు, చైతన్యం లేదు, కొంచెం అవగాహన కల్పించండి.’ ఈ మాట నేను ప్రతి మండలంలోనూ వింటాను. చైతన్యం లేదనే నిర్ధారణ అధికారులకు చాలా సౌకర్యం. తప్పంతా అవతలివాళ్ల మీదికి పోతుంది కదా.

ఊళ్లో తిరిగితే కనిపించింది వేరు. గ్రామసభ అంటే ఇల్లు దాటని మనుషులే సోమవారం పొద్దున్నే బస్సెక్కి అనంతపురం కలెక్టరేటుకు అర్జీ పట్టుకొని పోతున్నారు. ఆ సోమవారం కార్యక్రమానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. గ్రీవెన్స్ అన్నారు, మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అంటున్నారు. జనం మాత్రం ‘అర్జీ ఇయ్యను పోతాండాం’ అనే అంటారు. 2023-24లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 272 రూపాయలు. ఆ కూలి పోగొట్టుకొని, పైన బస్సు చార్జీ, టీ, అర్జీ రాసిచ్చే మనిషికి ఇంత అని పెట్టుకొని పోతున్నారు. కాలినడకన రెండు నిమిషాల్లో ఉన్న సభకు మాత్రం రారు. ఇది చైతన్యం లేకపోవడం ఎలా అవుతుంది?

ఇదే ప్రశ్న కాలనీలో ఒక పెద్దావిడను అడిగాను. “ఆడ అర్జీ ఇస్తే నంబరేసి చీటీ ఇస్తారు నాయనా. ఈడ ఏమిస్తారు? టీ ఇస్తారు,” అంది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. మా పని మొత్తం ఆ మాట చుట్టూనే కట్టుకున్నాం.

సంతకాలు ముందు, తీర్మానం తర్వాత

కాగితం మీద గ్రామసభకు బలం తక్కువేం లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. మన పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. జనవరి 2, ఏప్రిల్ 14, జూలై 3, అక్టోబరు 3 తేదీల్లో సభ పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. ఈ నాలుగింటినీ చెనక్కాయ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. జనవరి 2కు వలసపోయిన జనం ఊళ్లో ఉండరు. జూలై 3కు వాన పడితే విత్తనం పని. అక్టోబరు 3 నాటికి పంట పీకుడు మొదలవుతుంది. ఉగాది దాటాక వచ్చే ఏప్రిల్ 14 ఒక్కటే ఊరంతా ఇంటి పట్టున ఉండే రోజు. ఆ రోజు అంబేద్కర్ జయంతి కూడా కాబట్టి కాలనీ జనం వాళ్ల కార్యక్రమంలో ఉంటారు. పైగా సభ టైము ఎప్పుడూ పదకొండు గంటలు. కూలికి పోయేవాళ్లెవరూ ఆ వేళకు ఇంట్లో ఉండరు.

ఇక ఆ ఊరి పాత తీర్మానాల పుస్తకం. కార్యదర్శి మంచివాడు, అడిగితే దాచకుండా చూపించాడు. ప్రతి సభకూ మొదటి పేజీలో సంతకాలు, వేలిముద్రలు. కొన్ని పేజీల్లో సంతకాలకూ పై రాతకూ మధ్య జాగా మిగిలింది, కొన్నిచోట్ల అక్షరాలు ఇరుక్కుపోయాయి. సంతకాలు ముందు తీసుకొని తీర్మానం తర్వాత రాస్తే ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది. ఇందులో దొంగతనం ఉందని నేననను. పైనుంచి ఫలానా తేదీలోగా తీర్మానం అప్‌లోడ్ చేయమంటారు. ఊరి సచివాలయంలో ఆయనకు పారిశుద్ధ్యం ఫొటోలు, సర్వేలు, పింఛన్ల పని, యాప్ మీద యాప్ ఉంటాయి. ఇంటింటికీ పుస్తకం పంపి సంతకాలు చేయించుకోవడం అలా మొదలై, అదే పద్ధతిగా స్థిరపడిపోయింది. తాను సంతకం పెట్టిన పేజీలో ఏముందో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇక సభకు రమ్మంటే ఏమని వస్తారు?

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. 2021-22లో పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద సర్దుబాటు కావడంతో రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. ఆ వార్త మా ఊరికీ చేరింది. పంచాయతీ ఖాతాలో ఏమీ ఉండదనీ, అడిగి లాభం లేదనీ జనం తేల్చేసుకున్నారు. నిజానికి 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతు పెట్టారు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. ఈ లెక్క సర్పంచుకు తెలుసు, కార్యదర్శికి తెలుసు. కాలనీకి నీళ్లు రావడం లేదని కలెక్టరేటుకు పోయే మనిషికి తెలియదు.

మన జిల్లాకు ఇది కొత్త కాదు

ఇక్కడొక మాట చెప్పాలి, చెప్పకపోతే ఏదో మేమే కనిపెట్టినట్టు ఉంటుంది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, ప్రధాని మన్మోహన్‌సింగ్ చేతుల మీదుగా. అదే ఏడాది ఈ జిల్లాలో సామాజిక తనిఖీ పాదయాత్రలు పెద్ద ఎత్తున జరిగాయి. కూలీల హాజరు రాసే మస్టరు తెచ్చి ఊరి మధ్య పేరు పేరునా గట్టిగా చదివారు. చదువు రాని మనిషి కూడా లెక్క తప్పును పట్టుకోగలడని మన కూలీలకు తెలిసింది అప్పుడే. ఆ తర్వాత 2009లో సామాజిక తనిఖీకే ఒక ప్రత్యేక సంస్థ పెట్టిన రాష్ట్రం మనది. ఇప్పటికీ కాస్త వయసున్న కూలీలు ‘తనిఖీవాళ్లు వచ్చినప్పుడు చదివినట్టు చదవండి సార్’ అంటారు. వినడం వాళ్లకు అలవాటే.

రెండో అలవాటు కొలవడం. 2000 తర్వాత మన జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలుచుకొని, వాన లెక్క రాసుకొని, ఊరి నీటి బడ్జెట్ వేసుకొనే కార్యక్రమం నడిచింది. అందులో పనిచేసిన ఒకాయన ఈ ఊళ్లోనే ఉన్నాడు. తన వాన కొలిచే గొట్టం ఇంకా మిద్దె మీదే ఉంది, పని మాత్రం చేయదు.

తనిఖీలో చదివేది అయిపోయిన పనుల లెక్క. గ్రామసభలో తేల్చాల్సింది రాబోయే పని. ఆ తేడాతోనే అసలు చిక్కు. అయిపోయినదాని మీద కోపం వస్తే సరిపోతుంది, రాబోయేదాని మీద మాత్రం నలుగురూ ఒక మాటకు రావాలి. మన సీమ ఊళ్లో ఎవరే మాట అన్నా అది ఏ వర్గం మాట అన్నదే ముందు చూస్తారు. ఈ ఊళ్లోనూ రెండు వర్గాలు. ఒకరు నీళ్ల సమస్య ఉందంటే రెండోవాళ్లు లేదనాల్సిందే. ఉన్నా లేదనాల్సిందే.

బిందె లెక్క

అందుకని సభ జోలికి వెంటనే పోలేదు. ముందు నీళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో ఊరివాళ్లే కొలవాలని అనుకున్నాం. వాటర్‌మేన్, రెండు వర్గాల నుంచి ఒక్కొక్కరు, కాలనీ పొదుపు సంఘాల నుంచి ఇద్దరు ఆడవాళ్లు, రాయడానికి పొదుపు సంఘాల లెక్కలు చూసే యానిమేటరమ్మ. ఈ కూర్పు కోసం పట్టిన టైము కొలతకు కూడా పట్టలేదు. అవతలి వర్గం మనిషి లేకుండా మొదలుపెట్టి ఉంటే వచ్చిన అంకెను ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

పద్ధతి చాలా తేలిక. ఒకే ప్లాస్టిక్ బిందె. నీళ్లు వదిలిన రోజు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి వీధి వీధికీ ఒక కొళాయి కింద పెడతారు. నిండడానికి ఎంతసేపు పట్టిందో సెల్‌ఫోన్‌లో చూసి రాస్తారు. ట్యాంకు పక్క వీధిలో నిమిషంలోపే నిండింది. మధ్య వీధుల్లో ధార సన్నబడుతూ వచ్చింది. కాలనీ చివరి కొళాయి కింద బిందె సగం కాకముందే వాటర్‌మేన్ ట్యాంకు ఆపే టైము అయిపోయింది. ఆయన గేట్ వాల్వ్ దగ్గరికి పోబోతే, సంఘం ఆవిడ చేయి అడ్డం పెట్టి, “అన్నా, ఈ బిందె నిండినాక పో. ఎంత పొద్దు పడుతుందో రాస్తాం,” అంది. ఆయన నిలబడిపోయాడు. ఎన్నో ఏళ్లుగా రోజూ ఆపుతున్న మనిషే, కాలనీ చివర ఎప్పుడూ నిలబడి చూడలేదట.

మోటార్ల సంగతి కూడా కొలతలోనే బయటపడింది. ఒక వీధిలో ధార ఉన్నట్టుండి పడిపోయేది, మళ్లీ లేచేది. ఇళ్లలో మోటారు ఆన్ అయితే అంతే. ఆ ఇళ్లలో రెండు వర్గాలవాళ్లూ ఉన్నారు, అది మా అదృష్టం. ఒక వర్గానివే అయ్యుంటే ఈ కేస్ స్టడీ ఇక్కడితో ఆగిపోయేది.

అంకెలను ఊరికి అర్థమయ్యేలా పెట్టడానికి ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రమాణం పనికొచ్చింది. మనిషికి రోజుకు 55 లీటర్లు. పదిహేను లీటర్ల బిందె అనుకుంటే అయిదుగురున్న ఇంటికి రోజుకు పద్దెనిమిది బిందెల పైన రావాలి. సచివాలయం గోడ మీద వీధుల పేర్లు రాసి, ఒక్కో వీధికి వస్తున్న బిందెలను చాక్‌పీస్‌తో గీశాం. పద్దెనిమిది దగ్గర అడ్డంగా ఎర్రగీత. కాలనీ వరుసలో గీతలు ఎర్రగీతకు చాలా కిందే ఆగిపోయాయి. మజరాల్లో ఒకదానికి కూడా అదే పరిస్థితి అని అప్పుడే తెలిసింది. అక్కడివాళ్లు ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ గోడ ముందు నాలుగైదు రోజులు జనం గుంపులు గుంపులుగా ఆగి చూశారు. పింఛను పనికి వచ్చినవాళ్లు, రేషన్‌కు వచ్చినవాళ్లు అందరూ చూశారు. సభకు అంతకన్నా మంచి చాటింపు నేనెక్కడా చూడలేదు.

అక్టోబరు 3 సభ

ఆ ఏడాది ఖరీఫ్‌లో వానలు మొహం చాటేశాయి. అక్టోబరులో ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటించింది. పీకడానికి పంట పెద్దగా లేక జనం ఊళ్లోనే ఉన్నారు, అప్పటికి కొందరే బెంగళూరు పోయారు. మా సభకు అది కలిసొచ్చిందని రాయడానికి మనసొప్పదు కానీ నిజం అదే.

టైము సాయంత్రం అయిదు. చోటు మార్చడానికి చాలా మాట్లాడాల్సి వచ్చింది. ఎప్పుడూ గుడి ముందు రచ్చకట్ట దగ్గర పెట్టేవారు. అక్కడ పెద్దమనుషులు కట్ట మీద కూర్చుంటే కాలనీవాళ్లు ఎడంగా నిలబడతారు, నిలబడ్డ మనిషి ఎక్కువసేపు ఉండడు. ఈసారి స్కూలు ఆవరణలో, అందరికీ జంపఖానాలు, కుర్చీలు ముగ్గురికే: సర్పంచు, కార్యదర్శి, నీటి సరఫరా శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు). మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. ఈ సర్పంచూ ఆడమనిషే, 2021 ఎన్నికల్లో గెలిచింది. ఊళ్లో ‘సర్పంచన్న’ అని పిలిచేది మాత్రం ఆమె భర్తను. ఆయనకు కుర్చీ వేయకపోవడం కొంచెం ఇబ్బందే అయ్యింది. కార్యదర్శి ఆయన్ను పక్కకు పిలిచి, ఏఈ గారికి పైపులైను వివరాలు మీరే దగ్గరుండి చెప్పాలన్నాడు. ఆయన హాయిగా ఆ పనిలో పడ్డాడు. కార్యదర్శి తెలివి అది, మాకు తట్టలేదు.

సభకు ముందే ఒక టేబుల్ వేయించాం. ఇంటి పట్టా, పింఛను, రేషన్‌ కార్డు లాంటి సొంత అర్జీలన్నీ అక్కడ వెల్ఫేర్ అసిస్టెంట్ తీసుకున్నాడు. ఇది చేయకుండా సభ పెడితే ఏమవుతుందో పంచాయతీలతో పనిచేసే అందరికీ తెలుసు. మొదటి మనిషి తన పింఛను గురించి లేస్తాడు, ఆయన వెనక పదిమంది లేస్తారు, ఊరి విషయానికి వచ్చేసరికి చీకటి పడుతుంది. వాళ్లది తప్పు కాదు. అడిగే చోటు అదొక్కటే ఉంటే అక్కడే అడుగుతారు.

ఆ టేబుల్ మీదే చీటీల పుస్తకం ఉంది. ఎరువుల అంగట్లో వాడేలాంటిది, కార్బన్ పెట్టి రాసేది. అర్జీ నంబరు, పేరు, విషయం, తేదీ. తెల్ల కాగితం పుస్తకంలో ఉంటుంది, పసుపుది మనిషికిస్తారు. పంచాయతీ ముద్ర వేయమంటే కార్యదర్శి ఒప్పుకోలేదు. ముద్ర వేస్తే పని చేసిపెడతానని మాటిచ్చినట్టు అవుతుందని ఆయన భయం. వాదించలేదు. పొడి సంతకం, తేదీ చాలన్నాం. సభలో లేచి మాట్లాడిన ఊరి విషయాలకు కూడా ఇదే పుస్తకంలో నంబరు వేసి, అడిగిన మనిషి చేతికే పసుపు చీటీ ఇచ్చారు. కొంతమంది దాన్ని అక్కడికక్కడే మడిచి చీర కొంగున ముడేసుకున్నారు.

సభలో మూడే విషయాలు పెట్టాం: గోడ మీద బిందె లెక్క, పంచాయతీ ఖాతాలో ఉన్న డబ్బు, వచ్చే ఏడాది ప్రణాళిక. జమాఖర్చు సర్పంచమ్మే చదివింది. మొదటి రెండు పద్దులకు గొంతు వణికింది, తర్వాత సర్దుకుంది.

కాలనీ పెద్దలు అడిగింది వేరే ట్యాంకు. ఏఈ లేచి, ట్యాంకు కట్టినా అందులోకి ఎక్కించడానికి నీళ్లు కావాలి, బోర్లు ఇచ్చేది ఇంతే, ఉన్న నీళ్లు చివరిదాకా చేరకపోవడమే అసలు సమస్య అన్నాడు. కాలనీవాళ్లు నమ్మలేదు. ట్యాంకు అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పారన్నది వాళ్ల అనుభవం. అప్పుడు బోర్ల లెక్క రాసిన పాత మనిషి, వానగొట్టం ఆయన, లేచి ఏఈ చెప్పింది నిజమేనని తన భాషలో చెప్పాడు. ఆయన మాటకు విలువిచ్చారు. చివరకు తేలింది: మెయిన్ లైన్‌లో రెండుచోట్ల కొత్త గేట్ వాల్వులు, పొద్దున్నే మొదట కాలనీకి, పల్లంలో ఉన్న మజరాకు నీళ్లు, ఆ తర్వాతే పై వీధులకు. కాలనీకి నీళ్లు పోతున్నప్పుడు పై వీధుల వాల్వు మూసి ఉంటుంది, అక్కడ మోటారు వేసినా గాలే వస్తుంది. ట్యాంకు నుంచి కాలనీకి నేరుగా విడి లైను వచ్చే ఏడాది ప్రణాళికలో, తాగునీటి షరతున్న నిధుల నుంచి.

మోటార్ల మీద జరిమానా వేయాలని కొందరన్నారు. నీళ్లు వదిలే టైములో ఊరికి కరెంటు తీయించాలని ఇంకొకరన్నారు. రెండూ పక్కకు పోయాయి. జరిమానా ఎవరు వసూలు చేస్తారన్న ప్రశ్నకు ఎవరూ చెయ్యెత్తలేదు. చెయ్యెత్తే మనిషి ఉండి ఉంటే మోటార్లు అన్నేళ్లు నడిచేవే కావు. నా అభిప్రాయంలో వాల్వులతో తిప్పిన ఈ ఉపాయం శిక్ష కన్నా మేలు, ఎవరి పేరూ ఎత్తకుండా పని జరిగింది.

అందరికన్నా ఎక్కువసేపు పట్టింది తీర్మానం రాయడానికి. సంతకాలు చివర్లోనే అని ముందే చెప్పుకున్నాం. కార్యదర్శి అలవాటు ప్రకారం రాసి చదివాడు: ‘గ్రామంలోని తాగునీటి సమస్యపై తగు చర్యలు తీసుకొనుటకు సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ బిందె కొలిచిన ఆవిడ లేచి, “సార్, దీంట్లో మా కాలనీ లేదే. వాలువులు లేవే. ఎవురు చేస్తారో, ఎన్నాళ్లకో లేదే,” అంది. ఆయన, ఫార్మాట్ ఇలాగే ఉంటుందమ్మా అన్నాడు. ఫార్మాట్‌లో కాలనీ పేరు రాయకూడదని ఉందా అని వెనక నుంచి ఒక కుర్రాడు అడిగాడు. లేదు. కొట్టేసి మళ్లీ రాశారు. ఎన్ని వాల్వులు, ఏ వీధి మలుపు దగ్గర, ఎవరి బాధ్యత, ఏ తేదీలోగా, ఏ పద్దు నుంచి. ఒక్కో వాక్యం రాయడం, చదవడం, ‘సరేనా’ అనడం. చీకటి పడింది, సెల్‌ఫోన్ లైట్లు పట్టారు. ఆ పేజీని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాకే సంతకాలు మొదలయ్యాయి.

తర్వాత జరిగింది

వాల్వులు పడ్డాయి, గడువు కొంచెం దాటాక. కాలనీ చివరి ఇంటికి నీళ్లు చేరాయి. రోజూ కాదు, రోజు మార్చి రోజు. బిందెను మళ్లీ కొలిచి గోడ మీద గీతలు మార్చారు. కాలనీ వరుస పైకి జరిగింది కానీ ఎర్రగీతను తాకలేదు. పై వీధుల్లో కొందరికి ఇది నచ్చలేదు. ‘ముందు మాకు వచ్చేవి’ అని మొహం మీదే అన్నారు.

2024 జనవరి 2 సభకు అనుకున్నట్టే వలసవాళ్లు లేరు. అయినా పసుపు చీటీలున్న ఇళ్ల నుంచి ఎవరో ఒకరు వచ్చారు, చాలావరకు అత్తలు. సభ మొదలే పాత చీటీల పుస్తకం చదవడంతో. ఫలానా నంబరు, ఫలానా పని: అయింది, కాలేదు, పైకి పంపాం, పంచాయతీ చేతిలో లేదు. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అందరి ముందూ చెప్పాలి. ‘పరిశీలనలో ఉంది’ అనకూడదని సర్పంచమ్మే పెట్టింది ఆ నియమం. బెంగళూరులో బిల్డింగ్ పనిలో ఉన్న ఒకతను వాట్సాప్‌లో పేజీ చూసి, తన చీటీ నంబరు ఎందుకు చదవలేదని అదే రాత్రి ఫోన్ చేశాడు. చదివారు, పేజీ ఫొటోలో కింది వరుస పడలేదంతే.

ఆ తర్వాత గాడి తప్పింది. మార్చి నుంచి ఎన్నికల కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్. ఊరంతా ఇంటి పట్టున ఉండే ఆ ఏప్రిల్ సభ జరగలేదు. అదే ఎండాకాలం బోర్లు తగ్గాయి, వరుస తప్పింది, ట్యాంకర్లు వచ్చాయి. ట్యాంకర్ ఎక్కడ ఆగాలన్న దాని మీద పాత వర్గాలు మళ్లీ లేచాయి. రెండు మోటార్లు కొత్తగా కూడా పెట్టారు. మంచి పద్ధతి ఒకటి పెడితే అదే నిలబడుతుందన్న నమ్మకం నాకు ఎప్పుడూ లేదు, నీళ్లు లేనప్పుడు అసలే నిలబడదు.

మళ్లీ ఊపొచ్చింది 2024 ఆగస్టు 23న. ఆ ఒక్కరోజే రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులను ఆమోదించారు. చాలా ఊళ్లలో జాబితా ముందే తయారై ఉంటుంది, చదివి చప్పట్లు కొడతారు. ఇక్కడ సంఘం ఆడవాళ్లు ముందు పాత చీటీల పుస్తకం చదవాలని పట్టుబట్టారు. జాబితాలో కాలనీకి సిమెంటు రోడ్డు ఉంది. అందరూ సంతోషపడుతుంటే వాటర్‌మేన్ లేచాడు. విడి లైను ఇంకా వేయలేదు, రోడ్డు ముందేస్తే దాన్ని పగలగొట్టి పైపు వేయాలి, మళ్లీ అతుకు వేస్తారా అన్నాడు. ఇంకొకాయన, కాలువ లేకుండా రోడ్డు ఎత్తితే వాననీళ్లు మా గడపలోకే అన్నాడు. ముందు పైపు, తర్వాత కాలువ, ఆపైన రోడ్డు అని వరుస మార్చి తీర్మానంలో రాశారు. కాలువకు ఆ సీజన్‌లో అంచనా దొరకలేదు. పైపు, రోడ్డు అయ్యాయి, కాలువ చీటీ అలాగే ఉంది. పల్లె పండుగ పేరుతో అక్టోబరులో ప్రభుత్వం పనులు మొదలుపెట్టినప్పుడు ఈ వరుసను కాంట్రాక్టరు ముందు పెట్టింది వాటర్‌మేనే.

ఇతర పంచాయతీల్లో చేయాలనుకునేవాళ్లకు

సభకు ఎంతమంది వచ్చారన్న లెక్క మీద మా దాతలకు ఉన్నంత మోజు నాకు లేదు. ఈ ఊళ్లో హాజరు అక్టోబరు సభలోనే ఎక్కువ, తర్వాత తగ్గింది. నేను చూసేది పోయిన సభ విషయాల్లో ఎన్నింటికి జవాబు చెప్పారు, తీర్మానం సంతకాలకు ముందు చదివారా, మోటారున్నాయన, బిందె మోసే ఆమె ఒకే సభలో కూర్చున్నారా అని.

ఖర్చు దాదాపు ఏమీ లేదు, చీటీల పుస్తకం, చాక్‌పీస్‌లు, జంపఖానాల బాడుగ. కానీ సభకు ముందు వీధి వీధినా కూర్చున్న సాయంత్రాలు లేకపోతే ఇవేవీ పనికిరావు. వర్గాలున్న ఊళ్లో మొదటి మాట సభలో పుట్టకూడదు. ప్రతి వీధీ తన మాటను ముందే తనలో తాను మాట్లాడుకొని రావాలి. ప్రజాప్రాతినిధ్యం మీద శిక్షణలు ఇచ్చేవాళ్లకు ఇది చెబితే తల ఊపుతారు, షెడ్యూలులో మాత్రం ఒక్క పూట కేటాయిస్తారు.

సమాచార హక్కు దరఖాస్తు వేయలేదేమని కొందరు మిత్రులు అడిగారు. వేసి ఉండొచ్చు, ముప్పై రోజుల్లో కాగితాలు వచ్చేవి. కానీ ఊళ్లో దరఖాస్తు అంటే కార్యదర్శి మీద పిటిషన్ అనే లెక్క. ఆయన మా వైపు లేకపోతే పసుపు చీటీ మీద పొడి సంతకం కూడా పడేది కాదు. అడిగితే పుస్తకం చూపించని ఊళ్లో దరఖాస్తే సరైన దారి.

ఆ కార్యదర్శికి బదిలీ అయ్యింది. కొత్తగా వచ్చినాయన మొదట్లో ఈ చీటీల పుస్తకం రూల్స్‌లో ఎక్కడుందని అడిగాడు. యానిమేటరమ్మ తెల్ల కాగితాల కట్ట తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టింది. తర్వాతి రోజుల్లో ఆడవాళ్లు పసుపు చీటీలు పట్టుకొని ఒక్కొక్కరే వచ్చి, ‘సార్, నాది ఎంతదాకా వచ్చింది’ అని అడగడం మొదలుపెట్టారు. ఆయన ఇప్పుడు ముద్ర కూడా వేస్తున్నాడు. ముద్ర లేకపోతే మళ్లీ మళ్లీ వస్తున్నారట. పుస్తకం పంచాయతీ ఆఫీసులో కాకుండా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం బీరువాలో ఉంటోంది, అది ఆడవాళ్ల నిర్ణయం. పుస్తకం రాసినందుకు యానిమేటరమ్మకు ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. ఆ విషయం కూడా ఆమె చీటీగా రాసుకొని నంబరు వేసుకుంది.

అన్నిటికన్నా పాత చీటీ కాలనీవాళ్ల శ్మశానం దారిది. దారి ఒక రైతు పొలం గట్టు మీదుగా పోతుంది, ఆయన తన పట్టా భూమి అంటాడు. మొదటి సభలో అది ‘పైకి పంపాం’ కింద తహసీల్దారు ఆఫీసుకు పోయింది. సర్వేయరు వచ్చి కొలిచాడు, రైతు ఆ కొలత ఒప్పుకోలేదు. ప్రతి సభలో మొదట చదివే నంబరు అదే, ప్రతిసారీ వచ్చే జవాబు ‘కాలేదు’. పోయిన సభలో ఆ రైతు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. గట్టు పక్కన ఇంత వెడల్పు ఇస్తాను, బదులుగా అవతల పంచాయతీ స్థలంలో అంత రాసివ్వండి అన్నాడు. పంచాయతీ స్థలం అలా మార్చి ఇవ్వొచ్చా లేదా అని కార్యదర్శి పైకి రాశాడు. జవాబు ఇంకా రాలేదు. ఆ అడిగిన ప్రశ్నకూ ఒక నంబరు వేసి, పసుపు చీటీ రైతుకే ఇచ్చారు.